మడుగు ఒడ్డున పులి బోర్డు

అడవిని చూడటానికి జనం జీపుల్లో వస్తారని తెలిసిన దగ్గర్నుంచి నక్కకి క్షణం తీరిక లేదు. పులి నీళ్లు తాగే మడుగు ఒడ్డున పెద్ద బోర్డు పెట్టించింది. దాని మీద పులి బొమ్మ, అసలు పులికి రెండింతలు.

సాయంత్రం పులి దాహంతో వచ్చింది. బొమ్మను చూసి నాలుగడుగులు వెనక్కి వేసింది.

"ఈ మడుగుని ఎవడో నాకన్నా పెద్ద పులి పట్టేసుకున్నాడు," అంది మెల్లగా.

"అది నీ బొమ్మే మామా," అంది నీళ్లలోంచి తాబేలు.

"నా బొమ్మైతే నాకెందుకు భయమేస్తుంది?" అని పులి ఆ దాహంతోనే కొండ దాటి వెళ్లిపోయింది.

ఆదివారం జీపులొచ్చాయి. జనం పొద్దుగూకేదాకా పులి కోసం చూశారు. చివరికి బోర్డు పక్కన నిలబడి ఫొటోలు దిగి, సంతోషంగా వెళ్లిపోయారు.

నక్క మీసం దువ్వుకుంది. "చూశావా నా ప్లాను? పులి లేకపోయినా పనైపోయింది. వచ్చే నెల జింక బొమ్మ, ఎలుగు బొమ్మ పెట్టిస్తా. ఆ తర్వాత నీదే."

తాబేలు తల సగం లోపలికి లాక్కుంది.

"నాది వద్దు బావా. వాళ్లకి పరుగెత్తే కాళ్లున్నాయి, పారిపోతారు. నా నడకతో నేను కొండ దాటేసరికి, నువ్వు అక్కడా బోర్డు పెట్టించేసి ఉంటావు."