కుర్చీ ఒక్కటే అమ్మబడును

ఆ పొద్దున ఏజెన్సీ కొండల వైపు నుంచి మబ్బు దిగింది. కురవనూ లేదు, పోనూ లేదు.

రామాయమ్మ వాకిట్లో నిలబడి పడక్కుర్చీకి ఫోటో తీసింది. అసలు సిసలు టేకు కుర్చీ. చేతులు పొడుగ్గా, అరిగి నున్నగా ఉంటాయి. చిక్కల్లా ఒక్కటే. కుర్చీలో మొగుడున్నాడు.

"కాసేపు లెగండి. కుర్చీని అమ్మేత్తన్నాను," అంది.

నారాయణమూర్తి లేవలేదు. పలకలేదు. చేతిలో ఫోను మీంచి చూపు కూడా తిప్పలేదు.

ఆయన పలికి వారం దాటింది. కొయ్యూరులో ఆవిడ మేనకోడలి పెళ్ళి. బేగి బయల్దేరదామని ఆవిడ, బస్సుకింకా టైముందని ఆయన. తీరుబడిగా గడ్డం గీసుకుని వెళ్ళేసరికి బస్సు లేదు. అవతల ముహూర్తమూ దాటిపోయింది. ఆయనేమో రిటైరైన బస్సు కండక్టరు. "ఇన్నేళ్ళు బస్సుల్లో తిరిగి బస్సు టైము తెలీదేటి?" అని బస్టాండులోనే అనేసింది. అంతే, ఆయన నోరు మూతపడింది.

ఇదివరకు ఇలాంటప్పుడు కూతురు చిట్టితల్లి మధ్యలో నిలబడి, అటు మాట ఇటూ ఇటు మాట అటూ చేరేసేది. పెళ్ళయి ఆ పిల్ల అనకాపల్లి వెళ్ళిపోయాక ఇంట్లో ఆ సదుపాయం లేదు. ఆయన పొద్దస్తమానం కుర్చీలోనే మకాం.

రామాయమ్మ చెప్పాల్సింది చెప్పేసింది. "మాటాడితే కుర్చీ ఉంటాది. లేదంటే పోతాది."

మాట రాలేదు. మొగుడితో సహా ఫోటోని పాత సామాన్ల యాప్‌లో పెట్టేసింది. ఎవరూ పొరబడకుండా కింద రాసింది: 'కుర్చీ ఒక్కటే అమ్మబడును.'

కాఫీ చల్లారేలోపే మెసేజీలు మొదలయ్యాయి.

'పెద్దాయన ఫ్రీయా?'

'ఆయనకి గ్యారంటీ ఎన్నాళ్ళు?'

మర్యాదగా రాసింది ఒక్క సోఫియా. ఊరు పాయకరావుపేట. మొహం ఉండాల్సిన చోట గులాబీ పువ్వు.

'ఇంత మంచి కుర్చీ ఎందుకు అమ్మేస్తున్నారండీ?'

'అందులో కూర్చున్న మనిషి మాట్లాడరండి. ఆయన వల్ల బస్సు తప్పిపోయింది. నేనో మాట అన్నాను.'

'బస్సే ముందు వెళ్ళిపోయిందేమో.'

'టైముకే వెళ్ళింది.'

కాసేపటికి వచ్చింది: 'అయ్యుంటుంది లెండి. కానీ ఉన్న మాటైనా నలుగురిలో అంటే గుచ్చుకుంటుందండి.'

రామాయమ్మ ఆ మాట రెండుసార్లు చదువుకుంది. లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చి రాసింది.

'మరి నా మేనకోడలి నెత్తిన నేను అక్షింతలు వెయ్యలేకపోయాను. అది గుచ్చుకోదా?'



'తప్పేనండి. మా ఆయనా ఇంతే. తప్పని తెలుసు, నోరు పెగలదు.'

'పెగలడానికి మందేమైనా ఉందా?'

'ఉంటే మా ఇంట్లోనే వాడుదుమండి.'

ఇంతలో ట్రాలీ ఆటో ఒకటి వచ్చి గుమ్మం ముందు ఆగింది. దిగినవాడు గోపీకృష్ణ, బజార్లో కొత్తగా సెలూన్ పెట్టుకున్న కుర్రాడు. యాప్‌లో ఫోటో చూసి వచ్చాడు.

"పెద్దాయనా, ఓపాలి లెగండి. ఊగతాదో లేదో సూత్తాను."

పెద్దాయన లేవలేదు. గోపీకృష్ణ మనిషితో సహా కుర్చీని కుదిపి చూశాడు.

"గట్టిదేనండి. ఈయన లెగరేటి?"

"లెగరు, పలకరు. ఓపికుంటే ఆయనతోటే పట్టుకుపో బాబూ."

"నాకేటండి, మా సెలూన్లో కూకోబెట్టుకుంటాను. జనం ఉన్నట్టు కనిపిత్తాది!"

అంటూనే ఆటోలోంచి తాడు తీశాడు. రామాయమ్మ గబగబా సోఫియాకు రాసింది: 'ఇక్కడొకాయన ఆటో తెచ్చుకుని వచ్చారు. ఇచ్చెయ్యమంటారా?'

గోపీకృష్ణ తాడు ముడి విప్పేలోపే జవాబొచ్చింది.

'ఇవ్వకండి! ఆ కుర్రాడు ఎంతంటే దానికి పైన నేనిస్తాను. బేగి పంపించెయ్యండి.'

రామాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తేరుకుని, "బేరం అయిపోయింది బాబూ. పాయకరావుపేట వోళ్ళు పట్టుకుపోతారంట," అంది.

"ఆ మాట ముందే సెప్పొద్దేటండీ?" గోపీకృష్ణ తాడు విసురుగా చుట్టుకున్నాడు. "వోళ్ళకి సెప్పండి, ఈయన్ని దింపడానికి ఇంకో ఇద్దర్ని తెచ్చుకోమని!"

ఆటో సందు మలుపు తిరిగింది. రామాయమ్మ అరుగు మీద కూర్చుని మళ్ళీ ఫోను తీసింది.

'కుర్చీ మీకేనండి. ఎప్పుడొస్తారు?'

'అదే ఆలోచిస్తున్నానండి. మా ఆయన్ని అడగాలి.'

'నిదానంగా అడగండి. ఇంకో మాట. నలుగురిలో అలా అనుండకూడదు. అది నా తప్పే.'

అటునుంచి చేతులు జోడించిన బొమ్మ ఒకటి వచ్చింది. దాని వెనకే ఇంకొకటి.

రామాయమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆవేళ చేపల పులుసు పెట్టింది. వారం నుంచీ ఆయన అన్నం మూతేసి వదిలేసేది. ఆవేళ మాత్రం రెండు కంచాలు ఎదురెదురుగా పెట్టింది. పులుసు వాసన వాకిట్లోకి వెళ్ళింది. కుర్చీ కిర్రుమంది. నారాయణమూర్తి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

ఇద్దరూ తలలు వంచుకుని, మాటా పలుకూ లేకుండా తింటున్నారు.

సగం అన్నం అయ్యాక రామాయమ్మ ఎడంచేత్తో ఫోను తీసి 'సోఫియా గారూ, పులుసులో ఉప్పు సరిపోయిందా?' అని పంపితే, ఎదురుగా నారాయణమూర్తి తన ఫోను చూసుకుని, ఎడంచేతి బొటనవేలితో 'చిటికెడు తగ్గిందండీ' అని కొట్టాడు.