నలభై దినాల మందు

"సారా కాస్తున్నవా?" ఆబ్కారీ జవాను హన్మాండ్లు కుండ మీది గుడ్డ విప్పాడు. పులిసిన బెల్లం వాసన గుప్పుమంది. పారబోయడానికి కుండ వంచాడు.

"దగ్గుమందు సార్. అడ్డసరం ఆకు బెల్లంల పులవెట్టిన," అంది అంజవ్వ.

"దగ్గు ఎవలికి?"

"మా ఇంటాయనకు."

"పిలువు."

"సచ్చిపోయిండు సార్. మందు నలభై దినాలు పులవాలని బోధన్ వైద్యుడు చెప్పిండు. ఈయన ఇరవై దినాలే ఆగిండు."

హన్మాండ్లు చేయి ఆగింది.

"మరి గిదింక ఎందుకు?"

"పక్కింటి రేణుకమ్మ బీడీలు చేస్తది. ఆమెకు సుత దగ్గు పట్టుకున్నది."

జవాను కుండను నిలబెట్టి, గుడ్డ తనే బిగించి కట్టాడు.

"ఇంకెన్ని దినాలు?"

"రేపటికి నిండుతయి."

"మావోళ్లు మల్లొస్తే, హన్మాండ్లు సూసిపోయిండని చెప్పు."