ఒక్క వరుస తర్జుమా

“మీ మామ్మ నిమిషంసేపు మాట్లాడారు. తర్జుమా ఒక్క వరుసే ఉందేం?” రేడియో లైసెన్సులిచ్చే ఆఫీసరు హ్నిన్ బర్మీస్‌లో అడిగింది.

నాగేష్ బర్మాలోని తన్లిన్ ఊళ్లో తెలుగువాళ్ల గుడికొచ్చే టూరిస్టుల కోసం ఊరు దాటని చిన్న రేడియో స్టేషన్ పెడుతున్నాడు. ఏం ప్రసారం చేసినా దాని బర్మీస్ తర్జుమా ముందే ఇవ్వాలి. మామ్మ తెలుగులో చెప్పిన స్వాగతానికి అతను రాసిచ్చింది: “గుడి ఉదయం ఆరింటికి తెరుస్తారు.”

“నాకు చదువు రాదు గానీ బర్మీస్ వచ్చమ్మా. నేనే చెప్తాను,” అంది పక్కనే కూర్చున్న మామ్మ సీతాలు హుషారుగా. “మన భాషవాళ్లెవరొచ్చినా మా నాగేష్‌ని కలవండి అన్నాను. మనవళ్లందరిలో తెలుగు నిలుపుకున్నది వాడొక్కడే, రోజూ నా కబుర్లన్నీ వింటాడు అన్నాను. వాడేం రాశాడు?”

హ్నిన్ ఆ ఒక్క వరుసా చదివింది.

సీతాలు మనవడి వైపు తిరిగింది. “మరిన్నాళ్లూ నా మాటల్లో నీకేటి తెలిసిందిరా?” అంది తెలుగులో.

“ఊఁ,” అన్నాడు నాగేష్ అలవాటుగా.

ఆమె అతన్ని ఓసారి చూసింది. తర్వాత ఆఫీసరుతో, “నేనే ఎక్కువ వాగానమ్మా. వాడు రాసిందే ఉంచండి,” అంది.

నాగేష్ తలెత్తలేకపోయాడు.

బయట మెట్ల దగ్గర ఆమె చెయ్యి చాపింది. వచ్చేటప్పుడు “సెయ్యట్టుకోరా” అంది. ఇప్పుడదే మాట బర్మీస్‌లో అంది, నెమ్మదిగా, అతనికి అర్థమయ్యేలా.