సారీ చెప్పిన రిహానా

రిహానా మాయమై రెండు రోజులైనా ఎవరికీ తెలియలేదు. ఆ రోజుల్లో ప్రతి ఫోన్ నంబరుకీ ఒక నకలు ఉండేది. మనిషి అందకపోతే, అచ్చం ఆ మనిషి గొంతుతో అదే మాట్లాడేది. హాస్టల్ వాళ్ళు పిల్ల ఇంట్లో ఉందనుకున్నారు. హాస్టల్లో ఉందనుకుని వాళ్ళమ్మ ఆ నకలుతోనే కబుర్లాడుతోంది.

ప్రాణస్నేహితురాలు ఇందుజకి మాత్రం అనుమానం వచ్చింది. "నా సైకిల్ ఎందుకు పాడుచేశావే?" అని ఫోన్లో కావాలనే తగువు పెట్టుకుంది.

"సారీ ఇందూ," అంది అవతలి గొంతు.

పన్నెండేళ్ళ స్నేహంలో రిహానా ఒక్కసారి కూడా సారీ చెప్పి ఎరగదు! ఆదివారం సీతాఫలాల కోసం కొండెక్కుతానని రిహానా అన్న మాట ఇందుజకి గుర్తొచ్చింది. బాబాయిని వెంటబెట్టుకుని వెళ్ళి, కొండంతా తిరుగుతూ పేరుపెట్టి పిలిచింది.

"ఇక్కడున్నానే!" అని పాత క్వారీ గుంటలోంచి జవాబొచ్చింది.

ఫోన్ పగిలి, కాలు బెణికి, చుట్టూ సీతాఫలం గింజలతో కూర్చుని ఉంది రిహానా. ఇందుజ జారుకుంటూ దిగి, ఏడుస్తూ నవ్వుతూ వాటేసుకుంది.

పైకి చేరాక ఇందుజ, రిహానా వాళ్ళమ్మకి ఫోన్ చేసి, రిహానా దొరికిందని చెప్పింది. "మా రిహానాకేమైంది? భోంచేశానని ఇప్పుడేగా చెప్పింది," అందావిడ.

రిహానా ఫోన్ లాక్కుంది. "అమ్మీ, భోంచేసింది అది! నాకు బిర్యానీ వండు, వచ్చేస్తున్నా!"