రాయి బాగా వచ్చింది

"రాయి బాగా వచ్చినాది సార్," అన్నాడు ఫోటో స్టూడియో గోవిందన్న, ఫోటోను దీపం కిందికి జరిపి.

రాయి నిజంగానే బాగా వచ్చింది. రణమండల కొండ మెట్ల పక్కనున్న గుండు అది. దాని మీద ఎవరో సున్నంతో రాసుకున్న పేర్లు, ఆ పేర్ల మీద పాకుతున్న చీమ కూడా కనబడుతున్నాయి. గుండు పక్కన నిలబెట్టిన శ్రీపాదరావు భార్య తులసీబాయి మాత్రం పొగమంచులోంచి నడిచొస్తున్నట్టుంది. పైగా పాదాలు తెగిపోయాయి.

శ్రీపాదరావుకు తల కొట్టేసినట్టయింది. ఆదోని బ్యాంకులో పదమూడేళ్లుగా ఒక్క కూడిక తప్పని గుమాస్తా ఆయన. కెమెరా చూస్తే కొత్త రకం, బావమరిది వెంకోబారావు బొంబాయి నుంచి తెచ్చిచ్చింది. మీట సగం నొక్కితే దూరం అదే చూసుకుని, అద్దం అదే తిప్పుకుని, 'కుయ్' అంటుంది. మీట వదలనంతసేపూ అద్దం అక్కడే బిగుసుకుని ఉంటుంది. ఇక మిగతా సగం నొక్కడమే మనిషి పని. "దీపావళికి నేనొచ్చేసరికి మా అక్క పటం గోడ మీద ఉండాల బావా," అని చెప్పి పోయాడు వెంకోబారావు. శ్రీపాదరావు ఆ మాట బ్యాంకులో మేనేజరు దాకా చెప్పుకున్నాడు. ఇప్పుడు పటం లేకపోతే తల ఎక్కడ పెట్టుకోవాలి?

అజాగ్రత్తగా తీశాడా అంటే అదీ లేదు. మంత్రాలయం రాయరను తలుచుకోకుండా ఆయన ఏ పనీ చేయడు. లెడ్జరు తెరిచేముందు, స్టవ్వు ముట్టించేముందు, సైకిలెక్కేముందు కళ్లు మూసుకుని మనసులో మూడుసార్లు 'రాయరే' అనుకోవాల్సిందే. కెమెరా కుయ్ అన్నాక కూడా మీట మీద వేలు కదలనివ్వకుండా, మూసిన కళ్లు తెరవకుండా రాయరను తలుచుకునే నొక్కాడు.

గోవిందన్న ఆదోనిలో అందరి పెళ్లిళ్లూ తీసినవాడు. కొత్త సెల్లులు వేయించాడు. అద్దం వెనకాల ఇత్తడి చుక్కలను మెత్తని గుడ్డతో తుడిపించాడు. ఇంట్లో వెలుతురు చాలదని, మళ్లీ కొండకే పొమ్మన్నాడు.

"పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడితే మొహం జిడ్డుకారి ఫోటోలో మెరుస్తుందేమో," అని సందేహం వెలిబుచ్చింది తులసీబాయి. సబబుగానే తోచింది. ఆ ఆదివారం వంట మానిపించి, కొండ దిగువన హోటల్లో ఉగ్గాని, బజ్జీ తినిపించాడు. ఈ కెమెరా రాకముందు, పెళ్లయిన పన్నెండేళ్లలో శ్రీపాదరావు భార్యను బయటికి తీసుకుపోయింది రెండేసార్లు. రెండుసార్లూ ఆసుపత్రికే.

ఆ రీలులో మెట్లు బాగా వచ్చాయి. సరదాకి తీసిన బజ్జీ అయితే నోరూరేలా వచ్చింది. తులసీబాయి రాలేదు.

"మూడు జాడీలు ఒకదాని వెనక ఒకటి ఏటవాలుగా పెట్టి, నడిమిదానికి గురిపెట్టి తియ్యండి సార్. దోషం యాడుండేదీ తెలిసిపోతాది," అన్నాడు గోవిందన్న.

శ్రీపాదరావు పెరట్లో నిమ్మకాయ, మామిడికాయ, చింతకాయ జాడీలు పెట్టి తీశాడు. నడిమి జాడీ మూతకు కట్టిన గుడ్డ పోగులు కూడా లెక్కపెట్టొచ్చు.

"జాడీలకు లేని జబ్బు అమ్మకెందుకొచ్చినాది సార్?"

ఆ మాట ఇంట్లో చెబితే తులసీబాయి చిన్నబోయింది. "లోపం నా మొహంలోనే ఉందేమో లెండి," అంది. శ్రీపాదరావు మనసు చివుక్కుమంది. ఆ సాయంత్రం మల్లెపూలు తెచ్చాడు.

మర్నాడు గోవిందన్న ఏదో పుస్తకం చూసి కొత్త సంగతి చెప్పాడు. ఈ రకం కెమెరాకు గీతలుంటేనే చూపు ఆనుతుందట, ఒకే రంగు బట్ట కడితే గుడ్డిదైపోతుందట. తులసీబాయి చీరలన్నీ ఒకే రంగువి. "గళ్ల చీరలు ఎమ్మిగనూరులో నేస్తారు కదా," అని గుర్తుచేసింది ఆమె, బియ్యం ఏరుతూ.

మూడో ఆదివారం బస్సెక్కి ఎమ్మిగనూరు పోయారు. ఎర్రగళ్ల నేత చీర కొన్నారు. ఆమె అక్కడే కట్టుకుని, నేతగాడు మాదన్న ఇంట్లో మగ్గం పక్కన నిలబడింది. ఫోటోలో మగ్గం పోగు పోగునా వచ్చింది. గళ్ల చీర గళ్లు పోగొట్టుకుంది. పాదాలు మళ్లీ తెగాయి.

దీపావళి ముందు ఆదివారం శ్రీపాదరావు ఇక లౌకిక ఉపాయాలు కట్టిపెట్టి మంత్రాలయానికి టిక్కెట్లు తీశాడు. స్వామి దర్శనం, మఠంలో భోజనం అయ్యాక తుంగభద్ర ఒడ్డున తులసీబాయిని ఒక బండ పక్కన నిలబెట్టాడు. కెమెరాను ముక్కాలి పీట మీద బిగించి, దూరం టేపుతో కొలిచాడు.

"ఈరోజు బాగా వస్తే?" అడిగింది ఆమె, గళ్ల చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ.

"వస్తే ఇంగేముంది. పటం కట్టించి, దీన్ని పెట్టెలో పెట్టి తాళమేస్తా. ఆదివారాలు ఇంటిపట్టున పండుకోవచ్చు."

"రాకుంటే?"

"వెంకోబు బొంబాయికి తీసకపోయి మార్చుకోనొస్తాడు. మళ్లీ కొండకాడి నుంచి మొదలుపెట్టాల. కొండ, ఎమ్మిగనూరు, ఈ ఏరు, ఒక్కటీ ఇడ్సకుండా."

పాపం అన్నట్టు తలూపింది తులసీబాయి.

శ్రీపాదరావు పాదాలతో సహా ఆమెను చట్రంలో ఇమిడ్చి, మీట సగం నొక్కాడు. కుయ్ మంది. తాను రాయర ఊళ్లోనే ఉన్నాడు గనక ఈసారి మూడుసార్లు కాదు, పదకొండుసార్లు తలుచుకుందామని భక్తిగా కళ్లు మూసుకున్నాడు.

తులసీబాయి ఎప్పటిలాగే చప్పుడు కాకుండా ఒక అడుగు ముందుకు వేసింది.