గ్రామపెద్దకు నోరు రాలేదు

తెర మీద పదహారేళ్ల గ్రామపెద్ద కత్తి ఎత్తి నిలబడింది. ఊరంతా తగలబెట్టిన రాక్షసుడు ఆమె కాళ్ల మీద పడి ఏడుస్తున్నాడు. ఇప్పుడామె కత్తి పారేసి, "నిన్ను క్షమించాను" అనాలి.

ఆ జపాను యానిమే బొమ్మల సీరియల్లోని పిల్లకు తెలుగులో గొంతు ఇస్తున్న యాభయ్యేళ్ల ఆవిడ, మైకు ముందు మూతి బిగించుకుని నిలబడింది.

"అక్కా, పిల్ల పెదవులు కదిలిపోతున్నాయి. అనండి!" అన్నాడు అద్దం అవతలి నుంచి డబ్బింగ్ డైరెక్టరు.

"నోరు రావట్లేదు తమ్ముడూ. వీణ్ణెలా క్షమించమంటావు?"

"ఇన్ని ఎపిసోడ్లు పగతో రగిలిపోయింది కదక్కా, ఇక్కడ మనసు కరుగుతుంది."

"ఊరు తగలబెట్టినందుకైతే ఎప్పుడో క్షమించేదాన్ని. మా అమ్మ ఇచ్చిన పాలగిన్నె మాడగొట్టి, నాకు తెలియకుండా అటకెక్కిస్తాడా?"

డైరెక్టరు తల పట్టుకుని, పక్క గదిలో రాక్షసుడికి గొంతు ఇస్తున్న ఆవిడ భర్తకు వినపడేలా మైకు నొక్కాడు. "బావగారూ, మీరైనా ఒక మాట చెప్పండి."

రాక్షసుడి గొంతు గోడలు అదిరేలా, కానీ ఎంతో దీనంగా పలికింది. "పొద్దున్నే తోమేశానే..."

ఆవిడ కాస్త మెత్తబడింది. "మాడు పోయిందా?"

"మాడు ఉంది. అడుగే పోయింది."

ఆవిడ చెప్పులు విడిచి, చీర కొంగు నడుముకు దోపుకుంది.

డైరెక్టరు సౌండు ఇంజనీరు చెవిలో గబగబా చెప్పాడు. "క్షమించే సీను రేపు చూద్దాం. ముందు యుద్ధం సీను పెట్టు. ఇద్దరి మైకులూ ఆన్ చెయ్యి."