ఉలి కింద పడ్డాక

“మొదటి దెబ్బకి ఏ జడ్జీ తప్పు పట్టడు. రెండోదాని సంగతి చెప్పండి,” అన్నాడు ప్లీడరు.

వడ్రంగి నోరు విప్పేలోపే అతని భార్య అందుకుంది.

“చెప్పేదేముందండీ? మా బావ ఉలి పుచ్చుకుని దుకాణంలో ఈయన మీద పడ్డాడు. ఈయన చేతికందిన సుత్తితో కొట్టారు. మా అక్క మొహం మీదే అనేశాను, నీ మొగుడి తల పగిలిందంటే కోరి తెచ్చుకున్నదే అని. చీమకి కూడా హాని తలపెట్టని మనిషండీ ఈయన!”

వడ్రంగి తల దించుకుని గోళ్ళలో ఇరుక్కున్న చెక్కపొట్టు గీక్కుంటున్నాడు. ఆమె వెనకేసుకొచ్చిన ప్రతిసారీ అతను కుంచించుకుపోతున్నాడు. జైలుకన్నా ఆ నమ్మకమే అతన్ని ఎక్కువ భయపెడుతోంది.

“మీరాగండమ్మా, ఆయన్ని చెప్పనివ్వండి. చూడండీ, అవతలివాడి చేతిలో ఉలి ఉన్నంతసేపూ చట్టం మీ పక్షం. అది జారిపోయాక కొడితే ప్రాణరక్షణ కాదు, కక్ష. రెండో దెబ్బ తల వెనక తగిలింది.”

“పెనుగులాటలో... నాకు మాటలు రావండీ.”

“అయితే చేసి చూపించండి. నేను మీ తోడల్లుణ్ణి.”

ప్లీడరు కోటు విప్పి, కళ్ళెర్రజేసి, టేబుల్ మీది స్కేలు ఎత్తాడు.

“మా బావ ఇంత బక్కగా ఉండడండీ!” భార్య కిసుక్కున నవ్వింది.

సుత్తికి బదులుగా చుట్టిన పేపరొకటి వడ్రంగి చేతికొచ్చింది. చూపించమంటే తూతూమంత్రంగా చూపించడం అతనికి చేతకాదు. పని నేర్పేటప్పుడైనా అంతే. చెయ్యి ఒకసారి మొదలుపెడితే, మనసుతో పనిలేకుండా అదే చివరిదాకా నడిచిపోతుంది. పేపరు ప్లీడరు మణికట్టు మీద ఫట్టున పడింది. స్కేలు ఎగిరి నేల మీద పడింది.

“అబ్బా! నిజంగానే కొట్టారేమిటండీ!” ప్లీడరు తన చెయ్యి పట్టుకుని అటు తిరిగాడు.

వడ్రంగి స్కేలు వంక చూడనైనా లేదు. ప్లీడరును దాటుకుని విసురుగా వెళ్ళాడు. గది తలుపు మూశాడు. గడియ పెట్టాడు. వెనక్కి తిరిగి పేపరు మళ్ళీ పైకెత్తాడు.

భార్య నవ్వు ఆగిపోయింది.

“తలుపెందుకు వేశారండీ?” అంది మెల్లగా.

“వాడు పారిపోతున్నాడు కదే!” అన్నాడు వడ్రంగి.